బ్రేకులో గాలి

చెప్పు విప్పి ఉత్త పాదంతో తొక్కితేనే అసలు సంగతి తెలుస్తుందని పెద్దావిడకి ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. అరచేతంత కూడా లేని ఆ బ్రేకు పెడలు మీద కుడిపాదం ఆనించి, స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని, మొదటిసారి పడవెక్కిన మనిషిలా బిగుసుకుని కూర్చుంది. బండికి చక్రాలు లేవు. నాలుగూ ఊడదీసి షెడ్డు గోడకి ఆనించి ఉన్నాయి, ఒక్కోటి తన నడుమెత్తున. బండి మొత్తం ఇనుప స్టాండ్ల మీద నిలబడి ఉంది, ఆ బండి లోపల తను, వెనకవైపు ఎడమ చక్రం ఉండాల్సిన చోట నేలమీద చాప పరుచుకుని కోడలు. తను గట్టిగా దగ్గితే ఇదంతా ఒరిగి ఆ పిల్ల మీద పడుతుందేమోనని గొంతులో గరగర పుడుతున్నా మింగేస్తోంది. ఈ స్టాండ్లు ఏనుగునైనా మోస్తాయి, మీరో లెక్కా అత్తయ్యా, అని ఎక్కించేటప్పుడే కోడలు నవ్వింది. ఏనుగులు దగ్గవు కదా అనుకుంది తను. "తొక్కండి" అని వెనకనుంచి గొంతు. తొక్కింది. "మళ్ళీ. ఇంకోసారి. ఇప్పుడు తొక్కి పట్టండి." పట్టింది. ఎక్కడో పానా తిరిగిన చిన్న చప్పుడు, ఆ వెంటనే పాదం కింద పెడలు, కిందనుంచి ఎవరో మర్యాదగా లాక్కుంటున్నట్టు, దిగి దిగి నేలకి ఆనింది. ఇంకో మెట్టుందనుకుని అడుగేస్తే లేకపోయినట్టయింది ఆవిడకి. "వదలకండి, వదలకండి" అంటోంది గొంతు, తాపీగా, నిద్రపోయే పిల్లని జోకొడుతున్నట్టు. పానా మళ్ళీ తిరిగింది. "ఆ, ఇప్పుడు వదలండి."

బండిని జానెడు పైకి లేపింది కోడలు, కొండదారుల్లో రాళ్ళు కింద తగలకుండా. కొత్త స్ప్రింగులు వేశాక పాత బ్రేకు గొట్టాలు పొట్టివైపోయాయట, చక్రం గుంటలోకి జారితే తెగేంతగా లాగుతున్నాయట. పొడుగు గొట్టాలు బిగించింది. బిగించేటప్పుడు లోపలికి గాలి పోయింది. ఆ గాలినంతా ఆయిలుతో కలిపి చక్రం చక్రం దగ్గరా బయటికి తోసెయ్యాలి, దూరపు చక్రంతో మొదలుపెట్టి దగ్గరి చక్రం దాకా, అందుకు ఇద్దరు మనుషులు కావాలి, కింద ఒకరు, పైన ఒకరు. బళ్ళో సైన్సు చెప్పే పిల్ల కాబట్టి ఇవన్నీ బోర్డు ముందు నిలబడ్డట్టే చెప్పింది. ఆయిలు నొక్కితే నలగదత్తయ్యా, గాలి నలుగుతుంది, మీ కాలి బలమంతా గాలే తినేస్తే చక్రానికి ఏం మిగులుతుంది, అంది. అర్థమైంది. చాలా ఇళ్ళల్లో జరిగేదే. కానీ మొదటిసారి తొక్కించి ఎలా ఉందని అడిగినప్పుడు మాత్రం, తెలిసినదంతా మరిచిపోయి, "చాలా బావుందమ్మాయ్, వెన్నముద్దలా మెత్తగా ఉంది" అనేసింది. కోడలు చాప మీద దొర్లి నవ్వింది. మెత్తగా ఉంటే కొండ మీంచి నేరుగా ఏట్లోకేనట, రాయిలా ఉండాలట. పెళ్ళయి వచ్చింది మొదలు వంటింట్లో నిలబడి, ఉడికిందా, మెత్తబడిందా అని గింజ పట్టి చిదిమి చూసిన వేళ్ళు ఇవి. మెత్తబడితే చాలు, దించేయొచ్చు. గట్టిపడటం మంచిదని ఈ వయసులో, అదీ కాలితో, నేర్చుకోవలసి వచ్చింది.

రేపు తెల్లవారగానే బయల్దేరతారు. కోడలు ఈ బండిలో, పళ్ళ డాక్టరమ్మ తన బండిలో. ఆ డాక్టరమ్మని వీళ్ళంతా నత్త అంటారు, ఎక్కడికైనా చివర చేరుతుంది కాబట్టి, పైగా పిలిస్తే పలుకుతుంది. రోడ్డనేది ఆగిపోయిన చోటునుంచి వీళ్ళ ప్రయాణం మొదలవుతుంది, ఏటి వెంబడి, కొండల వెనక్కి. పోయినసారి కూడా ఇదే ఏరు. సాయంత్రానికి వచ్చేస్తామన్నవాళ్ళు రాలేదు. ఆ రాత్రి రాలేదు, మర్నాడు రాత్రీ రాలేదు, ఫోను పలకలేదు. కుర్చీ తెచ్చి గేటు దగ్గర వేసుకుని కూర్చున్న తనని కొడుకు లోపలికి లాక్కెళ్ళడం, తను మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఆఖరికి ఒక బండి ఇంకోదాన్ని తాడేసి లాక్కుంటూ, రెండూ ఏ రంగువో తెలియకుండా బురద పూసుకుని వచ్చాయి. దిగీదిగగానే ఆకలేస్తోందత్తయ్యా అంది, అంతే, ఇంకేం జరగనట్టు. పళ్ళెం పెట్టి వడ్డించింది తను. ఇవాళ పొద్దున కొడుకు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, తలెత్తకుండా, నువ్వు చెప్తే వింటుందమ్మా, నేను చెప్తే నవ్వుతుంది అన్నాడు. వాడిది కళ్ళజోళ్ళ షాపు. ఎదుటి మనిషి కంటికి ఏ అద్దం నప్పుతుందో ఇట్టే చెప్తాడు గానీ బండి రెండు మలుపులు తిరిగితే వాడి కళ్ళే తిరుగుతాయి. పెళ్ళిచూపుల్లోనే ఆ సంగతి చెప్పేశాడు, ఆ పిల్ల అదే నచ్చిందంది. చెప్తాలే అంది తను. పెడలు తొక్కాలి రమ్మని కోడలు పిలిచినప్పుడు, ఇదే సమయం అనుకుని మాటలు కూడా పేర్చుకుంది. ఈసారికి మానెయ్యమ్మా, నా కోసం. అంతే. ఇంత చిన్న మాటకి ఇంత సన్నాహమెందుకో. ఎదురుగా మొహముంటే అనేసేది. పక్క అద్దంలో చూస్తే కోడలి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి, ఒక మడమకి నల్లటి గ్రీజు, బొటనవేలు ఏదో ఆలోచిస్తున్నట్టు కదులుతోంది. పాదాలతో ఏం చెప్తాం.

"తొక్కి పట్టండి." పట్టింది. మళ్ళీ దిగుతోంది పెడలు. ఈసారి కొంచెం నెమ్మదిగా. వదలకూడదు, గొంతు చెప్పేదాకా వదలకూడదు, మధ్యలో వదిలితే బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది, చేసిందంతా మొదటికొస్తుంది. కదలకూడదు. ఇదొక్కటీ బావుంది. తన బతుకులో ఎవరు వెళ్ళిపోయినా తను ఏదో తేవడానికి కదిలినప్పుడే వెళ్ళిపోయారు. అక్కయ్య కాపురానికి వెళ్తున్నప్పుడు అందరూ వీధిలో నిలబడ్డారు, బండి సిద్ధంగా ఉంది, అయ్యో నా దువ్వెన అంది అక్కయ్య, నేను తెస్తానని చిన్నపిల్ల తను లోపలికి పరుగెత్తింది, అలమర్లో వెతికి, తలగడ కింద వెతికి, దొరికి, గుమ్మంలోకి వచ్చేసరికి వీధి ఖాళీ. వానొచ్చేలా ఉందని తొందరపెట్టారట. ఆ దువ్వెన పళ్ళ మధ్య అక్కయ్య వెంట్రుక ఒకటి ఉండేది. వెళ్ళినవాళ్ళు తర్వాత కనబడలేదా అంటే కనబడ్డారు, అక్కయ్య ఎన్నిసార్లో వచ్చింది, నవ్వింది, పిల్లల్ని ఎత్తుకొచ్చింది, కానీ దువ్వెన పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లకి మటుకు అక్కయ్య ఇంకా వెళ్తూనే ఉంది. ఆయన కూడా అంతే. మంచం మీద కూర్చుని చొక్కా వేసుకుంటూ, బొత్తాం ఊడిందే అన్నాడు. ఉండండి దారం తెస్తానంది. కూర్చో, రేపు కుట్టొచ్చులే అన్నాడు. ఆ మనిషి తనని కూర్చోమనడమే అరుదు. అయినా వెళ్ళింది. సూదిలో దారం ఎక్కించుకునే వచ్చింది కూడా, చీకట్లో రెండోసారి వెతకక్కర్లేకుండా. వచ్చేసరికి ఆయన మంచం మీద ఒరిగిపోయి ఉన్నాడు, ఊపిరి లేదు. ఎక్కించకుండా వచ్చుంటే? అంతసేపు పట్టేది కాదేమో. "వదలండి అత్తయ్యా." వదిలింది.

వెనక సీట్లు తీసేసిన చోట సామానంతా సర్దుంది. ముందున్న చిన్న అద్దంలో చూస్తే అదొక బుల్లి ఇల్లులా కనిపిస్తుంది, ఏదీ ఊగకుండా పటకాలేసి బిగించి. తాడు, పార, ఇసుకలో చక్రం కింద పరిచే పొడుగాటి పలకలు, టైర్లలో గాలి నింపే చిన్న యంత్రం, మందుల పెట్టె, మంచినీళ్ళ క్యాను. తాడుకి సంచి కుట్టింది తనే, కాన్వాసు గుడ్డ మీద సూది దిగక వేలికి తొడుగు పెట్టుకుని రెండు వరసలు కుట్టింది. మొదట్లో ఇవన్నీ చూసి ధైర్యంగా ఉండేది, అబ్బో ఎంత సిద్ధంగా ఉందో పిల్ల అని. తర్వాత ఒకరోజు పార ఎందుకని అడిగింది, కూరుకుపోతే తవ్వడానికంది. తాడెందుకంటే మునిగితే లాగడానికి. బానెట్టు పక్కనుంచి కప్పు దాకా నిలబెట్టిన నల్ల గొట్టమెందుకంటే, నీళ్ళు ఇంజను మీదికొస్తే అది పైనుంచి ఊపిరి పీల్చుకోవడానికట. అప్పట్నుంచి ఆ సామానులో ఏ వస్తువు చూసినా ఒక ఆపదే కనబడుతోంది, పటకా బిగించి, సర్ది, ముడుచుకుని కూర్చుని. బండితో వచ్చిన పుస్తకం కూడా మొదటినుంచి చివరిదాకా చదివింది. నిజం చెప్పాలంటే గళ్ళు కట్టి హెచ్చరిక అని వేసిన చోట్లే చదివింది, తక్కినదంతా మంచే జరుగుతుందని రాసుంటారు, అది చదివి చేసేదేముంది. ఆ హెచ్చరికలు భోజనాల దగ్గర ఒక్కోటీ అప్పజెప్పేది. ఏటవాలులో అడ్డంగా పోకూడదటమ్మాయ్. టైరులో గాలి తగ్గించాక వేగంగా పోకూడదట. కోడలు బుద్ధిగా తలూపేది. కొడుకు మాత్రం అమ్మకి లైసెన్సు ఇప్పిద్దామా అనేవాడు.

కోడలు చాప చుట్టుకుని కుడివైపుకి వచ్చింది, దారిలో బానెట్టు కిందకి వంగి డబ్బాలో ఆయిలు తగ్గిందా అని చూసి పోసింది. అది ఖాళీ అయిపోతే పైనుంచే గాలి దూరుతుందట. మధ్యాహ్నపు ఎండ షెడ్డు రేకుల సందుల్లోంచి నేలమీద చారలు చారలుగా పడి, అందులో కోడలు ముఖం ఒక్క క్షణం తెల్లగా, ఒక్క క్షణం నల్లగా కనబడింది. అప్పుడు అనొచ్చు. ముఖం ఉంది. నోరు తెరిచింది కూడా. "కాలు నొప్పెడుతోందా?" అంది కోడలు. లేదంది. ఆయన తక్కెళ్ళూ కాటాలూ బాగుచేసేవాడు, ఊరూరూ తిరిగి, భుజాన తూకపురాళ్ళ పెట్టె. కాటా బాగుచేశాక ఒక రాయి పెట్టి ముల్లు వంక చూస్తూ ఊరికే నిలబడేవాడు. ఎంత చూపిస్తోందండీ అని దుకాణం మనిషి తొందరపడితే, అది ఊగుతోంది, ఊగేటప్పుడు ఏం చెప్పినా అబద్ధమే, ఆగనివ్వండి అనేవాడు. తన మనసులో ముల్లు ఎప్పుడైనా ఆగిందా? ఒకచోట నిలబడినట్టే ఉంటుంది, వీధిలో ఏదో బండి హారను కొడుతుంది, మళ్ళీ ఊగుతుంది. కొడుకు మొదటిరోజు బడికి వెళ్ళినప్పుడు వాడు ఏడవలేదు, తను ఏడిచింది, పంతులమ్మ ఎవరిని ఓదార్చాలో తెలియక ఇద్దరికీ చెరో పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చింది. తన బిళ్ళ కూడా వాడే తినేశాడు.

ఆ కొడుకే ఇప్పుడు రెండు గ్లాసుల్లో టీ పట్టుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు. షాపుకి భోజన విరామమట, ఎండలో నడిచొచ్చాడట, అబద్ధం, వాడు మధ్యాహ్నాలు ఎప్పుడొచ్చాడు. టీ కోడలికి అందించి, రెండోది కిటికీలోంచి తనకిస్తూ, "అయిందా?" అన్నాడు. బ్రేకు సంగతి కాదది. "ఇంకా లేదు" అంది తను. ఇంకో చక్రం ఉంది, అవుతోంది అవుతోంది అంది కింద నుంచి కోడలు. కొడుకు తల్లి కళ్ళలోకి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు కూడా అంతే, ఏదైనా కావాలంటే అడగడు, అడిగే మనిషి పక్కన నిలబడతాడు.

ఆఖరి చక్రం తన పక్కదే, తను కూర్చున్న తలుపుకి కొంచెం ముందు. కోడలు కూర్చున్న చోటు ఇప్పుడు బాగా దగ్గర, కిటికీలోంచి తొంగిచూస్తే పాపిడి కనిపిస్తోంది, అందులో కొంచెం దుమ్ము. తొక్కండి అంది. తొక్కింది. మళ్ళీ అంది. మళ్ళీ తొక్కింది. పట్టండి, వదలండి, పట్టండి, వదలండి. ఆ మాటల వరసలో ఏదో నిద్రలాంటిది ఉంది, పిల్లకి ఊయల ఊపుతూ తనే కునుకు తీసినట్టు. ఎప్పుడు మారిందో తెలియదు. పాదం వేస్తే పెడలు కొంచెం దిగి ఆగిపోయింది. ఇంకా తొక్కింది. ఆగే ఉంది. బలమంతా పెట్టింది, నడుము సీటుకి ఆనించి మోకాలు బిగించి తొక్కింది. గోడ. అంతదాకా పాదం కింద తడబడుతున్నదేదో ఒక్కసారి ఎదురు నిలబడి, నేనున్నాను అన్నట్టుంది. ఆ గట్టితనం కాలిలోంచి నడుములోకి, అక్కడినుంచి ఎక్కడికో ఎక్కింది. చిత్రంగా ఉంది, భయం కూడా కొంచెంసేపు ఆగింది. "గట్టిపడిందా, అత్తయ్యా?" అంది కింద గొంతు.

అప్పుడు తెలిసింది ఆవిడకి. ఈ సంగతి తెలిసింది తన పాదానికి ఒక్కదానికే. కింద కూర్చున్న మనిషికి పానా తెలుసు, ఆయిలు తెలుసు, పెడలు ఎలా ఉందో తెలియదు. తను ఏం చెప్తే అది. మానెయ్యమ్మా అనక్కర్లేదు, నా కోసం అనక్కర్లేదు, నీ సరదా నేను చెడగొట్టాననే మాట పడక్కర్లేదు. బ్రేకు కుదరలేదు, ప్రయాణం ఆగింది. బ్రేకుదే తప్పు. గోడలా నిలబడ్డ పెడలు మీద పాదం అలాగే ఉంచి, "లేదమ్మాయ్" అంది, "ఇంకా మెత్తగానే ఉంది."

దూరంగా ఎవరింట్లోనో కుళాయి కట్టేసిన చప్పుడు. తక్కెడ పళ్ళెం మీద బొటనవేలు ఆనించినట్టుంది తనకి. సరుకు వైపు చూడను, కొట్టువాడి వేలు వైపు చూస్తాను అనేవాడు ఆయన. వేలు వైపు చూసుకుంది. పెడలు మీద బొటనవేలి గోరు పసుపుపచ్చగా, ముసలిగా, ఏమీ ఎరగనట్టుంది. "సరే, మళ్ళీ మొదటినుంచి" అంది కోడలు. విసుగు లేదు. చాప చుట్టుకుని లేచి, బానెట్టు కింద ఆయిలు పోసి, వెనక ఎడమ చక్రం దగ్గరికి వెళ్ళి పరుచుకుని కూర్చుంది.

రెండో చుట్టు. తొక్కండి, పట్టండి. ఈసారి పెడలు దిగినప్పుడు దొంగతనం చేసి దాక్కున్నవాడి పక్కనుంచి పోలీసు నడిచివెళ్తున్నట్టుంది. వదలండి. మాట్లాడితే బావుణ్ణు ఈ పిల్ల. అదేం విన్నదో, మాట్లాడింది. పోయినసారి సంగతి, ఇన్నాళ్ళూ చెప్పనిది. నీళ్ళు మోకాలి లోతే కదాని దిగిందట, మధ్యలో ఒక వైపు ఇసుక జారిపోయి బండి వాలిందట, ఇంజను ఆగిందట. నత్త తాడేసి లాగింది గానీ ఒడ్డు మెత్తన, దాని చక్రాలూ దిగబడ్డాయి. చేసేదేం లేక ఒడ్డు మీద కూర్చున్నారు. రాత్రి ఏటి చప్పుడు తప్ప ఏమీ లేదు. నత్త పాటలు పాడింది, ఒక్క పాటా పూర్తిగా రాదు, అన్నీ పల్లవులే, పల్లవి పల్లవీ కలిపి కొత్త పాట చేసేసింది. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నారు. మర్నాడంతా తవ్వారు. వింటుంటే పెద్దావిడకి ఆ రెండు రాత్రులూ మొదటిసారి ఇంకోవైపునుంచి కనబడ్డాయి. గేటు దగ్గర కుర్చీలో తను ఏటి అడుగున వెతుక్కుంటున్న మనిషి, ఒడ్డు మీద కూర్చుని నవ్వుతోంది. కోపం రావాలి. రాలేదు. "నాకు భయం వెయ్యలేదత్తయ్యా" అంది కోడలు వెనకనుంచి. "మీరు భయపడుతూ ఉంటారని వేసింది. అది మాత్రం చాలా వేసింది. తవ్వుతున్నంతసేపూ అదే." తర్వాత పానా తిరిగింది. "పట్టండి."

పట్టింది. ఎంతసేపైనా పట్టుకోగలననిపించింది. కుడి వెనక, ఎడమ ముందు. కోడలు కాళ్ళు, కోడలు పాపిడి, ఎండ చారలు గోడ మీదికి ఎక్కి చక్రాల మీదుగా వంకరలు పోయాయి. ఈ ఇంటికొచ్చాక ఈ పిల్లతో ఇంతసేపు ఒకే పని చేసిందా తను? వంటింట్లో ఒకరొస్తే ఇంకొకరు తప్పుకుంటారు, చోటు తక్కువని. మళ్ళీ తన పక్క చక్రం. మళ్ళీ తొక్కండి, మళ్ళీ పట్టండి. పెడలు గోడలాగే ఉంది, ఇందాకటికంటే కూడా గట్టిగా, అసలు మొదటినుంచీ గట్టిగానే ఉన్నట్టు. "గట్టిపడిందా?" నోట్లోంచి మాట రాలేదు. అవునని రాలేదు, లేదనీ రాలేదు. ఆ మౌనాన్నే జవాబనుకుంది కాబోలు కోడలు, పానా నేలమీద పెట్టిన చప్పుడైంది. "అయితే రేపు వద్దులెండి" అంది. "నత్తకి ఫోన్ చేసి చెప్పేస్తాను. మీ కాలికి నమ్మకం లేని బండిలో నేను కొండెక్కను."

అయింది. అడక్కుండా అయింది. కొడుక్కి కళ్ళతోనే చెప్పొచ్చు. రేపు పొద్దున గేటు తియ్యక్కర్లేదు, కుర్చీ వెయ్యక్కర్లేదు, కోడలు బళ్ళో పిల్లల పేపర్లు దిద్దుకుంటూ హాల్లో కూర్చుంటుంది, తను పక్కనే కూర్చుని బీరకాయ చెక్కు తీస్తుంది. పిల్ల ఇంట్లో ఉంటుంది. మళ్ళీ సెలవులకీ బ్రేకు మెత్తగానే ఉంటుందా? ఆ పై సెలవులకి? మీ కాలికి నమ్మకం లేని, అంది. ఈ ముసలి కాలిని అంత నమ్మినవాళ్ళు ఇంకెవరున్నారు. పోనీ నమ్మి ఈ అబద్ధపు కాలిమీదే రేపెప్పుడైనా నిజంగా కొండెక్కితే? "అమ్మాయ్" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "గట్టిపడింది. ఇందాకే గట్టిపడింది. రాయిలా ఉంది."

కోడలు లేచి నిలబడింది. కిటికీలో ముఖం, చెంప మీద ఆయిలు మరక. చేతిలో ఒక సీసా, దాని మూతిలోంచి సన్నగా, గాజులా తేటగా ఉన్న గొట్టం. "తెలుసు" అంది. ఆ గొట్టం ఎత్తి వెలుతురులో పెట్టింది. లోపల ఆయిలు లేత పసుపురంగులో నిండుగా, ఎక్కడా చిన్న బుడగ కూడా లేకుండా ఉంది. చక్రం దగ్గర్నుంచి వచ్చేదంతా ఇందులోంచే పోతుందట, గాలి ఉంటే బుడగలు కనిపిస్తాయట. మొదటి చుట్టు ఈ చక్రం దగ్గరే ఆగిపోయాయట బుడగలు. మరి రెండోసారి ఎందుకు తిరిగావే అంది పెద్దావిడ. కోడలు సీసా బానెట్టు మీద పెట్టి చేతులు తుడుచుకుంది, వేలు వేలూ. "మీరు వద్దంటున్నారని అర్థమైంది. మీరు నోరు తెరిచి అంటారేమోనని ఇంకో చుట్టు తిరిగాను. అనరని తెలిశాక మానేద్దామనుకున్నాను. నిజంగానే మానేసేదాన్ని అత్తయ్యా, పంతానికి కాదు." అంటూ తలుపు తీసి చెయ్యి అందించింది. "ఇప్పుడు చెప్పండి. వెళ్ళనా, మాననా?"

ఆ చెయ్యి పట్టుకుని దిగింది. అడిగిన మనిషి జవాబుకి తొందరపెట్టలేదు. చక్రాలు ఒక్కోటీ దొర్లించుకొచ్చి ఎక్కించింది, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించింది, జాకీ వేసి స్టాండ్లు తీసి బండిని నేలకి దించింది. పెద్దావిడ నట్లు అందిస్తూ నిలబడింది. బండి నేలమీద ఆనినప్పుడు స్ప్రింగులు ఒక్కసారి నిట్టూర్చాయి. రోడ్డు మీద వేసి చూస్తేగానీ చెప్పలేం, ఎక్కండి అంది కోడలు. ఎందుకే నేను, అంటూనే ఎక్కింది, ఈసారి పక్క సీట్లో. బెల్టు కోడలే వంగి పెట్టింది. "నేను ఊరికే నడుపుతాను. మీకు ఎక్కడ అనిపిస్తే అక్కడ ఆపు అనండి. చెప్పకుండా అనండి, అప్పుడే బ్రేకు సంగతి తేలేది."

షెడ్డులోంచి వీధిలోకి, వీధిలోంచి వెడల్పాటి దారిలోకి. అంత ఎత్తునుంచి చూస్తే ఇళ్ళ గోడల అవతల ఆరేసిన బట్టలు, కుండీలు, మెట్లమీద చదువుకుంటున్న ఎవరో కనిపిస్తున్నారు, అన్నీ వెనక్కి పోతున్నాయి తను కూర్చున్న చోటే ఉండగా. ఆపు అనాలి. నోట్లో మాట ఉంది, బిళ్ళలా నాలుక మీద ఉంది. వేగం పెరిగింది. మందుల దుకాణం పోయింది, బస్సులు ఆగే చోటు పోయింది. "అత్తయ్యా, చెప్పరేం?" అంది కోడలు, కళ్ళు దారి మీద పెట్టి, నవ్వు ఆపుకుంటూ. ఉండవే అంది. ఇళ్ళు పలచబడి, ఖాళీ స్థలాలు వచ్చి, గడ్డి వచ్చి, దారి మట్టిదారైంది. కింద కంకర గలగలమంటోంది. కిటికీలోంచి గాలి ముఖానికి కొట్టి జుట్టంతా రేపింది. బావుంది. భయంగా ఉంది, బావుంది. రెండూ ఒకేచోట ఉండగలవని ఎవరూ చెప్పలేదు తనకి. "ఆపు" అంది.

బండి ముక్కు కిందికి వంగి, నాలుగు చక్రాలూ ఒక్కసారి నేలని పట్టుకుని, ఉన్నచోట ఆగిపోయింది. అటూ ఇటూ లాగలేదు, జారలేదు. పెద్దావిడ బెల్టులో ముందుకి తూలి వెనక్కి పడింది. వెంట వస్తున్న దుమ్ము వాళ్ళని దాటుకుని ముందుకి పోయింది. కోడలు ఆవిడ వైపు తిరిగింది.

"పడుతోంది" అంది పెద్దావిడ, జుట్టు చెవుల వెనక్కి తోసుకుంటూ. "బాగా పడుతోంది. వెళ్ళిరా."

"రేపు కదత్తయ్యా."

"రేపు నాకు నోరు రాకపోవచ్చు. ఇప్పుడే చెప్పేస్తున్నా."